ఎడమ చెవి వెనక ముడి

తుప్పు పట్టిన పిన్నీసులు ఒక పక్కకి, బాగున్నవి ఇంకో పక్కకి. బడి వెనకవైపు గదిలో కిటికీ కింద ముక్కాలిపీట వేసుకుని ఆయమ్మ ఏరుతోంది. కళ్లజోడు ముక్కు చివరికి జారినప్పుడల్లా చిటికెన వేలితో పైకి తోసుకుంటోంది. బాగున్నవాటిని వరసగా ఒక తాడుకి గుచ్చి, ఆ తాడు మెడలో వేసుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా బడిలో ఏటా జరిగే ఈ దేశాల వేడుక రోజున ఆమె చేసే మొదటి పని ఇదే. అందుకే పిల్లలు ఆమెని పిన్నీసుల ఆయమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటుంది. ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు.

మనిషి బక్కగా ఉంటుంది కానీ చేతులు మాత్రం మగవాళ్ల చేతుల్లా పెద్దవి. వేళ్ల కణుపులు ఉబ్బి, గోళ్లు పొట్టిగా అరిగిపోయి ఉంటాయి. ఆ చేతులు తుడవని ముక్కు లేదు ఆ బడిలో. ఇప్పుడు పెద్దవాళ్లై పిల్లల్ని దింపడానికి వస్తున్నవాళ్లలో కొందరికి ఒకప్పుడు బూటు తాళ్లు కట్టింది ఆమే. వాళ్లు గుర్తుపట్టి నవ్వితే ఆమె కూడా నవ్వుతుంది. ఎవరికి ఎన్నో తరగతిలో కడుపునొప్పి వచ్చిందో కూడా చెప్పగలదు. తన గురించి మాత్రం ఎవరూ అడగరు. అడగకపోవడమే ఆమెకి హాయి.

"అక్కా, ఈ ఏడు ఎన్ని దేశాలంట?" అంటూ పొట్టి ఆయా చేతినిండా కాగితం జెండాలతో లోపలికి వచ్చింది.

"పందొమ్మిదంట."

"పోయినేడు పద్నాలుగే కదే! ఏడాదికి అయిదేసి దేశాలు పుట్టుకొస్తే మన నడుములు ఏం కావాలి? అందులో సగం పిల్లలకి బొత్తాలుండవు, అన్నీ ముడులే."

"అందుకేగా ఈ పిన్నీసులు."

"అన్నట్టు నీదే దేశం అక్కా? నీక్కూడా ఒక జెండా ఇచ్చి స్టేజీ ఎక్కించేద్దాం."

"నాదా? చీపుర్ల దేశం. జెండా మూలన ఆనించి ఉంది చూడు."

పొట్టి ఆయా పడీపడీ నవ్వింది. ఆయమ్మ కూడా నవ్వింది. ఇలాంటి మాటలు ఆమె దగ్గర పది పదిహేను సిద్ధంగా ఉంటాయి. ఎవరైనా నీదే ఊరు అనగానే ఒకటి తీసి వదులుతుంది. నవ్వినవాళ్లు మళ్లీ అడగరు.

అడిగితే చెప్పడానికి కూడా ఒకటుంది. కొండల జిల్లా. అక్కడో చిన్న పల్లె, వరదకి కొట్టుకుపోయింది, మావాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. ఈ మాటలు మొగుడు నేర్పినవి. లారీలు బాగుచేసే మనిషి, ఈ దేశం వాడే. పదిహేడేళ్లకే నది అవతలి దేశం నుంచి వచ్చి చేపల డబ్బాలు నింపే కార్ఖానాలో పనిచేస్తున్న ఆమెని ఇష్టపడి చేసుకున్నాడు. మరుసటేడే రెండు దేశాలకీ చెడింది. నది అవతలి వాళ్లుండే వీధుల్లో అద్దాలు పగలగొట్టారు. కొందర్ని లారీల్లో ఎక్కించి తీసుకుపోయారు. ఆ లారీల్లో ఒకదాన్ని అంతకు ముందు వారమే తను బాగుచేశానని చెప్పి మొగుడు ఆ పూట అన్నం ముట్టలేదు. తలుపు గడియ పెట్టి ఆమె రెండు భుజాలూ పట్టుకుని అన్నాడు: "నువ్వు కొండల జిల్లా పిల్లవి. ఇంకేం కాదు. నిద్రలో లేపి అడిగినా అదే చెప్పాలి."

అలాగే చెప్పింది. అప్పుడామె కడుపుతో ఉంది. ఊరినుంచి వచ్చినప్పుడు తలకి కట్టుకున్న గుడ్డ పెట్టె అడుగున ఉంటే తీసి, చించి, పుట్టబోయే బిడ్డకి పొత్తిగుడ్డలు చేసింది.

అదంతా జరిగి ముప్పై ఏడేళ్లయింది. దేశాలు మళ్లీ కలుసుకున్నాయి. అవతలివాళ్ల దుకాణాలు బజారులో బాహాటంగా నడుస్తున్నాయి. మొగుడు పోయాడు. ఇప్పుడు చెబితే ఆమెని ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ కొడుక్కి చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. మొన్న భోజనాల దగ్గర కొడుకు, "నది అవతలి జనం వచ్చి పడ్డాక మన వీధిలో నిలబడటానికి చోటు లేకుండా పోయిందమ్మా, ఏం మనుషులో, ఏం వాసనో" అన్నాడు. ఆమె వాడి కంచంలో ఇంకో గరిటెడు వడ్డించింది. వాడు పెరుగుతున్నప్పుడు చెప్పి ఉండాల్సింది. నలభై దగ్గరపడ్డాక ఏమని మొదలుపెడుతుంది?

పాటల టీచరమ్మ చీటీ పట్టుకుని హడావిడిగా వచ్చింది. మంచి మనిషి, కాస్త గొంతు పెద్దది. పిల్లలంతా వాళ్ల వాళ్ల ఇంటి బట్టల్లో ఒక్కొక్కరే స్టేజీ మీదికి వెళ్లి, వాళ్ల భాషలో ఒక పలకరింపు చెప్పాలి. చివర్లో అందరూ కలిసి ఈ దేశం పాట పాడాలి. తల్లిదండ్రుల్ని ఈ గదిలోకి రానివ్వరు. పోయినేడు రానిస్తే గదిలో పిల్లలకన్నా తల్లులే ఎక్కువైపోయి ఒక కిటికీ అద్దం పగిలింది.

"పొట్టి ఆయమ్మా, మీరు గేటు దగ్గరికి వెళ్లండి. వచ్చినవాళ్లని కూర్చోబెట్టాలి. పిన్నీసుల ఆయమ్మా, ఇక్కడంతా మీదే భారం."

ఆ మాట వినగానే ఆయమ్మ పొట్టి ఆయా వైపు చూసింది. పొట్టి ఆయా వెళ్లిపోతే ఆ పిల్లని ఎవరు తయారుచేస్తారు?

ఆ పిల్ల రెండో తరగతి. బడిలో చేరి నాలుగు నెలలైంది. మొదటి రోజే ఆయమ్మ కనిపెట్టింది. పిల్ల మెట్లు లెక్కపెడుతూ చిటికెన వేలు ముందు ముడిచింది, తర్వాత ఉంగరపు వేలు. ఈ దేశంలో అందరూ బొటనవేలితో మొదలుపెడతారు. నది అవతల మాత్రమే చిటికెన వేలితో మొదలవుతుంది. ఆయమ్మకి బొటనవేలితో మొదలుపెట్టడం అలవాటు కావడానికి ఏడాది పట్టింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల కోటు బొత్తాం ఊడినా, మోకాలు దోక్కుపోయినా పొట్టి ఆయాని పిలిచి అప్పగించేది. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ పిల్ల తల నిమరలేదు. బడి మొత్తంలో ఆమె నిమరని తల అదొక్కటే.

ఆ పిల్లే ఇప్పుడు రెండు చేతుల మీదా మడత పెట్టిన గుడ్డతో ఎదురుగా నిలబడింది. ముందు పన్ను ఒకటి ఊడి ఉంది.

"ఆయమ్మా, అమ్మమ్మని గేటు దగ్గరే ఆపేశారు. మీరే కట్టాలంట. ఎలా కట్టాలో చెప్పనా? నాకు సగం తెలుసు."

ఆయమ్మ గుడ్డ అందుకుంది. జానెడు వెడల్పు, ఏడు మూరల పొడుగు. నీలిరంగు, అంచున తెల్లటి గీత. పెట్టెలో చాలాకాలం మడిచి ఉంచిన గుడ్డ వాసన. ఆమె దాన్ని దులిపి, పిల్లని వెనక్కి తిప్పి నిలబెట్టుకుంది. మనసులో అనుకున్నది రెండు చుట్లు ఎలాగోలా చుట్టి పిన్నీసు పెట్టి పంపేద్దామనే. కానీ చేతులు ఆమెని అడగలేదు. గుడ్డని మధ్యలో పట్టుకుని నుదుటి మీద ఆనించాయి. మూడు చుట్లు చుట్టాయి. బిగిసిపోకుండా లోపల చూపుడువేలు ఉంచి, దాన్ని తీసిన సందులోనే ఒక కొసని దోపాయి. మిగిలిన కొసని కుడి చెవి వెనక్కి తెచ్చి ముడి వేసి, ముడి మీద బొటనవేలితో ఒకసారి నొక్కాయి. అంతా ఊపిరి పీల్చి వదిలినంత సేపట్లో అయిపోయింది. ఒక్క పిన్నీసు కూడా పట్టలేదు.

కుడి చెవి వెనక ముడి ఉందంటే ఆ పిల్లకి తల్లి ఉన్నట్టు. తల్లి పోయిన రోజున ముడి ఎడమ చెవి వెనక్కి మారుతుంది, ఇక అక్కడే ఉంటుంది. ఆయమ్మకి తొమ్మిదో ఏట మారింది.

పిల్ల అద్దంలో చూసుకుని గట్టిగా ఒక్క కేక పెట్టింది.

"ఆయమ్మా! అచ్చం మా అమ్మమ్మ కట్టినట్టే కట్టారు! మీకెలా వచ్చు?"

గదిలో ఉన్న పిల్లలంతా ఇటు తిరిగారు. తలుపు దగ్గర జెండాలు సర్దుతున్న టీచరమ్మ కూడా తిరిగింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"నిజంగానా? మీదీ నది అవతలేనా ఆయమ్మా? ఇన్నేళ్లూ ఒక్క మాట కూడా చెప్పలేదే! ఉండండుండండి, పెద్ద టీచరు గారికి చెప్తాను. మిమ్మల్ని కూడా స్టేజీ మీదికి..."

ఆ గొంతులో సంతోషం తప్ప ఇంకేం లేదు. ఎవరూ అద్దాలు పగలగొట్టబోవడం లేదు. ఎవరూ లారీ తేవడం లేదు. మహా అయితే చప్పట్లు కొడతారు. కానీ ఆ చప్పట్లు ఇంటిదాకా వెళ్తాయి. సాయంత్రం కొడుకు చెవిన పడతాయి. ఏం వాసనో అన్న నోరు ఆమె ముందు మళ్లీ ఎలా తెరుచుకుంటుంది?

"అయ్యో, కాదు మేడం. నాకేం తెలుసు? ఏదో చేతికొచ్చినట్టు చుట్టాను. నిలబడదు ఇది. ఉండండి, మళ్లీ కడతాను."

"బాగుంది ఆయమ్మా, విప్పొద్దు, విప్పొద్దు," అంది పిల్ల రెండు చేతులతో తల పట్టుకుని.

"కదలకు తల్లీ. జారిపోతే స్టేజీ మీద నవ్వుతారు."

విప్పేసింది. గబగబా నాలుగు చుట్లు చుట్టింది. మెడలోని తాడు లాగి పిన్నీసు తర్వాత పిన్నీసు గుచ్చింది, ఆరో ఏడో. ఎవరు చూసినా నది అవతలి కట్టు అనుకోకుండా ఉండాలి, అదొక్కటే ధ్యాస. మిగిలిన కొసని ఎక్కడో అక్కడ ముడేసి, పువ్వులా విప్పార్చింది. "హమ్మయ్య, ఎంత ముద్దుగా ఉందో!" అని టీచరమ్మ పిల్లని వరసలోకి లాక్కుపోయింది. పిల్ల వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది. కోపంగా కాదు, అర్థం కానట్టు చూసింది.

హాల్లో దీపాలు వెలిగాయి. ఆయమ్మ పక్క తెర వెనక, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. ఒక్కో దేశం వెళ్లి ఒక్కో పలకరింపు చెప్పి చప్పట్లు అందుకుంటోంది. ఒకడు పలకరింపు మర్చిపోయి ఆవులించి వచ్చేస్తే హాలంతా నవ్వింది. ఆయమ్మకీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే ఆ పిల్ల స్టేజీ మధ్యకి వెళ్లి నిలబడింది.

వెలుగు సూటిగా తల మీద పడింది. నీలిగుడ్డ మెరిసింది. ఎడమ చెవి వెనక ముడి, పువ్వులా విచ్చుకుని, చివరి వరసలో వాళ్లకి కూడా కనపడేటంత పెద్దది.

ఆయమ్మ తెర పక్కకి ఒత్తిగించి మళ్లీ చూసింది. ఎప్పుడు వేసింది ఎడమవైపు? కుడివైపు వేయకూడదన్న కంగారులో వేసిందా? లేక తన తలకి కట్టుకున్న చివరి ముడి అదే కాబట్టి చేతులు దాని దగ్గరికే వెళ్లాయా?

నాలుగో వరసలో, పనిచేసే చోటి నుంచి నేరుగా వచ్చినట్టు, చొక్కాకి ఇంకా గుర్తింపు బిళ్ల వేలాడుతున్న ఒకావిడ ఫోను ఎత్తి పట్టుకుని ఉంది. పిల్ల పోలికే. తల్లి. ఫోను మెల్లగా కిందికి దిగింది. ఆవిడ చేయి తన గొంతు దగ్గరికి వెళ్లింది, తను ఉన్నానో లేనో చూసుకుంటున్నట్టు. పక్కన కూర్చున్న ముసలావిడ, పిల్ల అమ్మమ్మ, ఆమె మోకాలి మీద చేయి వేసి గట్టిగా పట్టుకుంది. పిల్ల పలకరింపు చెప్పింది. "మీ ఇంట అందరూ ఉన్నారా?" అని దాని అర్థం. ఆ హాల్లో అర్థమైనవాళ్లు నలుగురే. హాలంతా చప్పట్లు కొట్టింది.

తర్వాత పెద్ద టీచరు మైకు దగ్గరికి వచ్చి, ఈ బడిలో పరాయివాళ్లంటూ ఎవరూ లేరని చెప్పింది. అందరూ లేచి నిలబడి దేశం పాట పాడారు. ఆయమ్మ కూడా తెర వెనక పాడింది. ఆ పాట ఆమెకి ఒక్క మాట పొల్లుపోకుండా వచ్చు. అవసరం కొద్దీ నేర్చుకున్న పాట.

పిల్లలు గోలగోలగా గదిలోకి వచ్చి బట్టలు మార్చుకుని ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. గేటు పని ముగించుకుని వచ్చిన పొట్టి ఆయా కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. అప్పుడు ముసలావిడ పిల్ల చేయి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తల్లి రాలేదు. ముసలావిడకి ఇక్కడి మాటలు కూడబలుక్కుంటే తప్ప రావు.

"ఇది... ఎవరు కట్టింది?"

"మా అక్కే కట్టిందమ్మా. దేనికీ? ఊడిపోయిందా ఏంటి?" అంది పొట్టి ఆయా.

ముసలావిడ ఆయమ్మ వైపు తిరిగింది. పెద్ద పెద్ద చేతుల వైపు చూసింది, ముఖం వైపు చూసింది. అప్పుడు నెమ్మదిగా, తన భాషలో అడిగింది:

"నీదే రేవమ్మా?"

నది పొడుగునా ఊళ్లని రేవుల పేరుతోనే పిలుస్తారు. ముప్పై ఏడేళ్ల తర్వాత ఆ ప్రశ్న వినడం. ఆయమ్మ నాలుక చివర రేవు పేరు వచ్చి ఆగింది. విరిగిపోయిన మూడో మెట్టు, అక్కడ బట్టలుతుకుతున్న అమ్మ వీపు, అన్నీ వచ్చి ఆగాయి. పక్కనే పొట్టి ఆయా చేతిలో కుర్చీతో చూస్తోంది.

"ఏమంటున్నారో అర్థం కావట్లేదండీ," అంది ఇక్కడి భాషలో.

"కాదమ్మమ్మా!" పిల్ల చేయి విదిలించుకుంది. "ముందు సరిగ్గానే కట్టింది! కుడివైపే కట్టింది, నొక్కింది కూడా! తర్వాతే విప్పేసింది!"

ముసలావిడ ముఖం పాలిపోయింది. తెలియనివాళ్లు కట్టిన ముడికి అర్థం లేదు. తెలిసి కట్టిన ముడి శాపం. బతికున్న తల్లి ఎదురుగా, వెలుగులో నిలబెట్టి, ఆ తల్లికి పెట్టిన శాపం. ఆవిడ కళ్లల్లో ఆ భయం కదలడం ఆయమ్మ చూసింది. ఇప్పుడు నిజం చెబితే శాపం పెట్టానని ఒప్పుకున్నట్టే. కాదు, పిరికిదాన్నై చేశాను అని చెప్పాలంటే ఆ భాషలోనే చెప్పాలి.

"పాపం చిన్నపిల్ల, ఏదో అనుకుందండీ. ఈ తలకట్లన్నీ నాకేం తెలుస్తాయి? పిన్నీసులు పెట్టడం తప్ప నాకేం రాదు. ఇంతమందిలో ఏ పక్క కట్టానో కూడా చూసుకోలేదు."

"మా అక్కకి తన జడే సరిగ్గా వేసుకోవడం రాదమ్మా," అని పొట్టి ఆయా నవ్వింది.

ముసలావిడ గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. భుజాలు దిగాయి. ఆ ఊరట చూడటానికి ఆయమ్మకి ముఖం చెల్లలేదు. ముసలావిడ పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, ఈసారి ఇక్కడి భాషలోనే, ఆయమ్మకి కూడా అర్థం కావాలని కాబోలు, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది:

"పెద్దవాళ్ల మీద... అబద్ధం... చెప్పకూడదు. క్షమించు అను."

"నేను అబద్ధం చెప్పలేదు."

"అను."

పిల్ల ఆయమ్మ కళ్లల్లోకి చూసింది. మీరైనా చెప్పండి అన్నట్టు చూసింది. కాసేపు ఎదురుచూసింది. తర్వాత ఊడిన పన్ను సందులోంచి, నేల చూపులు చూస్తూ అంది: "క్షమించండి ఆయమ్మా."

"పర్లేదులే తల్లీ," అంది ఆయమ్మ.

క్షమించేసింది కూడా. ఆ మాట తన నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకి ఆ తర్వాత ఎప్పటికీ తెలియలేదు. ముసలావిడ చేతులు జోడించి, పొరపాటు పడ్డామని చెప్పి, పిల్లని నడిపించుకుని వెళ్లిపోయింది.

ఆయమ్మ చీపురు తీసుకుంది. చిరిగిన కాగితం జెండాలూ, తళుకులూ, చాక్లెట్టు కాగితాలూ ఒక మూలకి ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది.

టీచరమ్మ చెమటలు తుడుచుకుంటూ వచ్చింది. "ఆ నీలిగుడ్డ పాప వెళ్లిపోయిందా? అయ్యో, ఒక ఫొటో ఇద్దామనుకున్నానే. ఇవాళే ఆఖరి రోజు కదా."

"ఆఖరి రోజేంటి మేడం?"

"వాళ్ల నాన్నకి ఎక్కడో దూరపు ఊళ్లో పని దొరికిందంట. రేపు పొద్దున్నే బండి. నిన్ననే వెళ్లాల్సింది. అమ్మ చూస్తుండగా స్టేజీ ఎక్కితే గానీ రానని ఈ పిల్లే ఏడ్చి ఆపించిందంట. మీకు చెప్పలేదా?"

ఆయమ్మ చీపురు గోడకి ఆనించింది. ఆనలేదు, జారి పడింది. తీయలేదు. నడవాలోకి వచ్చింది. ఇరవై రెండేళ్లలో పిల్లల్ని పరిగెత్తొద్దని అరిచిన ఆ నడవాలో తనే పరిగెత్తింది. చివర చేతులు కడుక్కునే పంపుల వరస ఉంటుంది. దాని పక్క అద్దం తలుపులోంచి గేటు కనపడుతుంది.

ముగ్గురూ గేటు దాటుతున్నారు. మధ్యలో పిల్ల. తల్లి ఒక చేయి, అమ్మమ్మ ఒక చేయి పట్టుకున్నారు. పిల్ల జుట్టు తడిపి దువ్వి, తలకి గుడ్డ మళ్లీ కట్టి ఉంది. మూడు చుట్లు, కొస లోపలికి దోపి, కుడి చెవి వెనక చిన్న ముడి. చూసేవాళ్లెవరూ లేకపోయినా, బస్సు దాకా నడవడానికే కట్టుకున్నారు.

ఆయమ్మ తలుపు తోసింది. పిలవాలనుకుంది. ఏమని పిలవాలి? పిల్ల పేరు కూడా ఆమె ఎప్పుడూ నోటితో అనలేదు. నోరు తెరిచి తన రేవు పేరు చెప్పింది. పెద్దగా కాదు, తనకి వినపడేంత. ముప్పై ఏడేళ్లు నోట్లో పడి ఉన్న ఆ పేరు ఇక్కడి యాసలో బయటికొచ్చింది, బజారులో ఎవరో దారి అడుగుతున్నట్టు. ఆమె నోటి మీద చేయి పెట్టుకుంది. బస్సు వచ్చి ఆగింది, కదిలింది. గేటు బయట ఎవరూ లేరు.

చాలాసేపటికి చేతులు కడుక్కుందామని పంపు వైపు తిరిగింది. పంపు గట్టు మీద వాళ్లు మర్చిపోయిన చెక్క దువ్వెన ఒకటి ఉంది. పాతది, రెండు పళ్లు విరిగినది, మధ్యలో పట్టుకునే చోట అరిగి పల్లం పడింది. ఇంకా తడిగానే ఉంది. దాని పళ్ల మధ్య పొట్టి నల్ల వెంట్రుక ఒకటి, పొడుగాటి తెల్ల వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉన్నాయి.